పిస్తోలు పిడి మీద పొడి అక్షరాలు

గేదె చెవి ట్యాగ్ నంబరు చూస్తే అది ఎవరిదో తెలిసిపోద్ది కదా. పాత జర్మన్ పిస్తోళ్ల సంగతీ అంతే.

1908లో జర్మన్ సైన్యం లూగర్ పిస్తోలు తీసుకుంది. పిడి ముందువైపు చిన్న అచ్చులు గుద్దేవారు. ఉదాహరణకి ‘12.ఆర్.5.37’ అంటే 12వ పదాతి రెజిమెంటు, 5వ కంపెనీ, 37వ ఆయుధం. రెండు ‘ఆర్’లుంటే రిజర్వు రెజిమెంటు. మొదట్లో ‘బి’ ఉంటే బవేరియా సైన్యానిది. పోయిన పిస్తోలు దొరికితే ఏ కంపెనీదో గుర్తే చెప్పేది.

యుద్ధం ఓడాక వెర్సాయ్ ఒప్పందం సైన్యాన్ని లక్ష మందికి కుదించింది. జనం దగ్గరున్న సైనిక ఆయుధాలు అప్పజెప్పమని 1920లో చట్టం వచ్చింది. సర్కారువి వేరుగా తెలియాలని వాటి మీద ‘1920’ అని కొట్టారు. అందుకే కొన్నిటి మీద ‘1917’, ‘1920’ రెండూ కనిపిస్తాయి. మొదటిది తయారైన ఏడు, రెండోది సర్కారు ముద్ర. తర్వాత పోలీసు పిస్తోళ్ల మీద ‘ఎస్’ అని పడింది, అంటే షుట్స్‌పోలిట్సై, యూనిఫాం పోలీసులు.

గుర్తుంటే ధర ఎక్కువ. అందుకే దొంగ అచ్చులూ పుట్టాయి. వందేళ్ల ఇనుము మీద అచ్చు అంచు కొత్తగా మెరుస్తుంటే అనుమానించాలి. పళ్లు చూడకుండా సంతలో ఎద్దును కొంటామా?

ఒక్క మాట. ఆ అచ్చు రెజిమెంటు చెబుతుంది, కంపెనీ చెబుతుంది. మోసినోడి పేరు మాత్రం చెప్పదు. ఆ సైన్యంలో రైతుబిడ్డలూ బోలెడుమంది.