స్పైరులినా సాగు

స్పైరులినా చౌడునీటిలో పెరిగే సూక్ష్మజీవి. వాడుకలో నాచు అంటాం గానీ నిజానికిది సయనోబాక్టీరియా తెగది. సన్నని పోగులు మరచుట్టులా మెలితిరిగి ఉంటాయి. శాస్త్రజ్ఞులు దీన్ని చాలాకాలం ఆర్థ్రోస్పైరా అన్నారు, ఈమధ్య లిమ్నోస్పైరా అంటున్నారు. సంతలో మాత్రం పాత పేరే నిలిచింది.

మొదట్లో దీన్నెవరూ పండించలేదు, తోడుకున్నారు. మెక్సికోలో టెస్కోకో సరస్సు మీది తెట్టును ఆజ్టెక్‌లు సన్నని వలలతో పట్టి, ఎండబెట్టి, బిళ్ళలుగా అమ్మేవారు. 16వ శతాబ్దపు స్పెయిన్ రచయితలు దాన్ని జున్నుతో పోల్చారు. సరస్సులో చాలాభాగాన్ని ఎండగట్టాక ఆ తిండీ మరుగున పడింది. ఆఫ్రికాలో అలా జరగలేదు. చాద్ సరస్సు చుట్టూ కానెంబు స్త్రీలు తెట్టును ఇసుకలో పోసి, నీరు ఇంకాక ముక్కలు కోసి ఆరబెడతారు. ఆ ముక్కల పేరు దిహే. సంకటిలోకి చేసే పులుసులో వేస్తారు. 1940లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డాంజార్డ్ దాని గురించి రాస్తే పట్టించుకున్నవారు లేరు. 1960లలో బెల్జియం వృక్షశాస్త్రజ్ఞుడు లెయొనార్ మళ్ళీ చూసేదాకా అది స్థానికుల తిండిగానే ఉండిపోయింది.

ఆ సరస్సులకు ఉన్నదీ, సాగుకు మనం కట్టుకునే తొట్లకు లేనిదీ క్షారం. పీహెచ్ 9 దాటిన నీటిలో వేరే నాచులు బతకడం కష్టం, దీనికి అదే పుట్టిల్లు. 1966లో జరూక్ అనే శాస్త్రజ్ఞుడు తయారుచేసిన పోషక ద్రావణంలో లీటరుకు 16.8 గ్రాముల సోడియం బైకార్బొనేట్, అంటే వంటసోడా, పడుతుంది. పోషకాల ఖర్చులో పెద్దవాటా అదే. 1970లలో టెస్కోకో ఒడ్డున సోడా తీసే కంపెనీ మొదటి పెద్ద ఉత్పత్తి చేపట్టిందంటే, ఆ క్షారం దానికి ఊరికే దొరకడం ఒక కారణం.

చవక దారి వెతికినవారిలో మనవాళ్ళు ముందున్నారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) సోడాను లీటరుకు 4.5 గ్రాములకు తగ్గించింది. చెన్నైలోని మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రం ఈ సాగును పల్లె స్త్రీల చేతికిచ్చింది. మెడదాకా మట్టిలో పాతిన కుండల్లో గోబర్‌గ్యాస్ గుంతలోంచి వచ్చే పేడనీరు, కాస్త ఉప్పు, సోడా కలిపి, విత్తనపు నాచు వదిలి, రోజుకు మూడు నాలుగుసార్లు కలియబెట్టే పద్ధతి కూడా మన దేశంలో నడిచింది. ఖర్చు తక్కువే గానీ, మనుషులు తినేదానికి పేడనీరు నప్పదు. సూక్ష్మక్రిముల భయం ఉంటుంది.

ఇక తినేవారి సంగతి. యాంటీఆక్సిడెంట్ అన్న పేరు దీనికి తెచ్చినవి బీటా కెరోటిన్, నీలిరంగు ఫైకోసయనిన్. ప్రయోగశాలలో అవి ఫ్రీ రాడికల్స్‌ను అణచిన మాట నిజమే, అంతమాత్రాన రోగాలు నయమవుతాయనుకోకూడదు. పైగా ఫైకోసయనిన్ వేడికీ వెలుతురుకూ చెడుతుంది. మండుటెండలో ఆరబెట్టడం చవకే, పోయేది ఆ నీలమే. అందుకే ఇంటి తొట్టిలో పెంచేవారు గుడ్డలో వడకట్టి, కడిగి, పచ్చిముద్దనే ఆ పూట మజ్జిగలో కలుపుకోవడం మేలు.