తివాచీ మనది, దులిపే మిషను వాళ్ళది

కొందరికి పాత నాణేల పిచ్చి, కొందరికి స్టాంపుల పిచ్చి, ఇంకొందరికి వాల్వు రేడియోల పిచ్చి. అమెరికాలో, ఇంగ్లండులో కొంతమందికి పాత వాక్యూం క్లీనర్ల పిచ్చి. మూలన పడ్డ హూవరో ఎలక్ట్రోలక్సో కొనుక్కొచ్చి, విప్పి, తుడిచి, మోటారు తిప్పి, ఆ చప్పుడు విని మురిసిపోతారు. అందులో అంత ఆనందమేముందయ్యా అంటే, ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో కోబాల్లో రాసిన ప్రోగ్రాము ఇంకా తప్పులేకుండా నడుస్తుంటే మా జాతికి కలిగే ఆనందం లాంటిదే :)

వరంగల్లో కూచున్న మనకి ఈ గోల ఎందుకు అనుకోకండి. ఈ కథలో మన ఊరికీ ఓ వాటా ఉంది.

1851లో లండన్లో ప్రపంచ దేశాల వస్తువులతో మహా ప్రదర్శన పెట్టారు. అందులో వరంగల్ తివాచీలు కూడా ఉన్నాయి. అంటే వాక్యూం క్లీనరు పుట్టడానికి యాభై ఏళ్ళ ముందే, అది దులపాల్సిన సరుకు మన ఊరినుంచి అక్కడికి చేరిందన్నమాట! చలి దేశాల్లో నేలంతా తివాచీ పరుస్తారు. దుమ్మంతా దాంట్లోకే దిగుతుంది. దాన్ని బయటికి ఈడ్చుకొచ్చి కర్రతో బాదడం ఒక పెద్ద పని.

1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు లండన్లో దీనికో విరుగుడు కనిపెట్టాడు. అప్పటికి ఉన్న మిషను గాలి ఊది దుమ్ము లేపేది. ఊదడమెందుకు, పీల్చొచ్చు కదా అని ఈయనకి తట్టింది. హోటల్లో కుర్చీ మీద చేతిరుమాలు వేసి నోటితో పీల్చి చూసుకున్నాడట. దగ్గొచ్చింది, ఐడియా పనిచేసింది. ఆయన మొదటి మిషను గుర్రబ్బండి మీద వచ్చేది. వీధిలో పెట్రోలు ఇంజను తిరుగుతుంటే కిటికీల్లోంచి గొట్టాలు లోపలికి వేసేవారు. 1902లో ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో తివాచీలు దానితోనే శుభ్రం చేశారు.

బండిని చేతిలోకి తెచ్చింది జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. అమెరికాలోని ఒహాయోలో ఒక దుకాణం ఊడ్చే మనిషి, పైగా ఉబ్బసం. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి మిషను చేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని కొన్నది తోలు సామాను చేసే హూవర్ కుటుంబం. తర్వాత 1921లో స్వీడన్ ఎలక్ట్రోలక్స్ వాళ్ళు పొడుగు డబ్బా ఆకారంలో, కింద స్లెడ్జి బండి పట్టీలతో మోడల్ ఫైవ్ తెచ్చి, ఇంటింటికీ తిరిగి అమ్మారు.

ఆ ఇంటింటికీ తిరిగే పద్ధతే 1982లో మన దేశం వచ్చింది. అప్పటి టాటాల ఫోర్బ్స్ కంపెనీ, ఎలక్ట్రోలక్స్ కలిసి యురేకా ఫోర్బ్స్ పెట్టాయి. టై కట్టుకున్న కుర్రాడు బెల్లు కొట్టి, యూరోక్లీన్ తెచ్చి, మన పరుపులోంచే దుమ్ము తీసి మనకే చూపించడం ఆ తరం వాళ్ళందరికీ గుర్తే. సిగ్గుతో సగం, సరదాతో సగం కొన్నారు. కానీ మనవి బండల ఇళ్ళు. చీపురూ తడిగుడ్డా పది నిమిషాల్లో చేసే పనికి గొట్టాలు బిగించేదెవరు? తివాచీలకి పేరుపడ్డ ఊళ్ళో తివాచీ ఉన్న ఇళ్ళు ఎన్నని? ఉన్న జంపఖానా ఎండలో దులిపితే చాలు. అలా మిషను అటకెక్కింది.

ఎక్కువ వాడలేదు కాబట్టే, కొనేవాడికి అదో నిధి. మోటారు అరగలేదు, రబ్బరే గట్టిపడి ఉంటుంది. గొట్టం పగుళ్ళు, మూత చుట్టూ ఉండే వాషరు ముందు చూసుకోవాలి. గాలి అక్కడ లీకైతే ఎంత మోటారున్నా పీల్చదు. ఎన్నో ఏళ్ళు తిరగని మిషన్ని నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. సీరీస్ బల్బు పెట్టి చూడాలి, షార్టుంటే బల్బు వెలిగి ఊరుకుంటుంది, మిషను తగలబడదు. అమెరికానుంచి అబ్బాయి తెచ్చిన 120 వోల్టుల మిషనైతే ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి.

మరి మెకానిక్కు? మన మిక్సీ బాగుచేసే అన్ననే అడగండి. మిక్సీలో ఉండేదీ ఇందులో ఉండేదీ ఒకే జాతి, యూనివర్సల్ మోటారు. అవే కార్బన్ బ్రష్షులు, అదే కమ్యుటేటరు, అవే నిప్పురవ్వలు. కాకపోతే అన్నకి కావల్సింది నడవడం. పాత స్విచ్చి పోతే ఇంకో కంపెనీ స్విచ్చి బిగిస్తాడు. అది రిపేరు, అందులో తప్పేం లేదు. మన సరదా వేరు, దాని పేరు పునరుద్ధరణ.

ఆ తేడా తెలియాలంటే హన్మకొండ వేయిస్తంభాల గుడికి వెళ్ళండి. అక్కడి కళ్యాణ మండపాన్ని రాయికి రాయి నంబరేసి విప్పి, పునాది మళ్ళీ కట్టి, ఉన్న రాళ్ళు ఉన్నచోటే పేర్చి, పోయినచోట మాత్రం కొత్తవి చెక్కి 2024లో తెరిచారు. దాదాపు పద్దెనిమిదేళ్ళ పని. మిషనుకీ అదే సూత్రం. విప్పేముందు ఫొటో తీయి, స్క్రూకి స్క్రూ నంబరేయి, ఉన్నదాన్ని ఉంచు, మార్చిన పార్టుని పారెయ్యకుండా చీటీ రాసి దాచు.

కాకతీయుల రాయికి ఆ భాగ్యం దక్కింది. మరి నిన్నమొన్నటి వస్తువులకో? 1934లో నిజాం పెట్టించిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది, స్థలం ప్లాట్లయింది. ఖైదీలు జంపఖానాలు నేసిన సెంట్రల్ జైలుని 2021లో ఆస్పత్రి కోసం పడగొట్టారు. ఆస్పత్రి వద్దని కాదు, కానీ ఆ మగ్గాల చప్పుడెలా ఉండేదో రేపు ఎవరు చెప్పాలి? 2018లో వరంగల్ జంపఖానాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. గుర్తింపు పేరుకొస్తుంది, పనిముట్టుకి రాదు.

వెయ్యేళ్ళు నిండితే గానీ మనకి ఏదీ చరిత్ర కాదు. ఈలోపు తక్కెడతో వచ్చే పాతసామాన్ల అతను కిలో లెక్కన పట్టుకుపోతాడు. రాజులేం కట్టారో శాసనాలు చెబుతాయి. 1980ల్లో వరంగల్లో ఒక గుమాస్తా కుటుంబం వాయిదాల్లో ఏం కొనుక్కుంది, ఎందుకు కొంది, ఎందుకు వాడలేదు అన్నది మాత్రం ఆ అటక మీది డబ్బానే చెప్పాలి.

కాబట్టి కొనేటప్పుడు బేరంతో పాటు రెండు ప్రశ్నలు కూడా అడగండి: ఏ సంవత్సరం కొన్నారు, ఎవరి ముచ్చట కోసం కొన్నారు? జవాబు ఓ కాగితం మీద రాసి మిషను సంచిలో పెట్టండి. మోటారు తిరక్కపోయినా ఫర్వాలేదు, ఆ కాగితం ఉంటే సగం బాగుపడినట్టే.