గుట్టుగా అమ్మిన ఇళ్లు

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న ప్రకటనల ఏజెన్సీ. పత్రికలకు క్లాసిఫైడ్లు రాసి పంపడం మా పని. ఇల్లు కొన్నవాడు ఊరంతా చెప్పుకుంటాడు, అమ్మేవాడు మాత్రం దాచుకుంటాడు. ఆ గుట్టు కొంచెం కొంచెంగా సడలడం నేను మా కౌంటరు దగ్గరే కూర్చుని చూశాను.

మా నాన్న రోజుల్లో గేటుకు బోర్డు కట్టడం అరుదు. ‘ఫలానా వాళ్లు ఇల్లు అమ్ముతున్నారట’ అంటే అప్పులో, అన్నదమ్ముల తగాదానో ఉండి తీరాలని ఊరి లెక్క. అందుకే బేరమంతా మధ్యవర్తి నోటి మీదే నడిచేది. కాఫీ హోటల్లో మూల బల్లే అతని ఆఫీసు. ఎవరి తాహతు ఎంతో, ఎవరింట్లో పెళ్లి ముంచుకొస్తోందో అతనికి తెలుసు. నూటికి ఒకటో రెండో రెండువైపులా పుచ్చుకునేవాడు. ధర మాత్రం ఇద్దరికీ ఒకటే చెబుతాడని నమ్మకం లేదు.

1974లో విశాఖలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చింది. రాష్ట్రమంతటికీ డబ్బు కట్టకుండా మన జిల్లా వరకే ప్రకటన వేసుకునే వీలు కలిగింది. ఇళ్లవాళ్లు మా మెట్లెక్కడం ఎక్కువైంది అప్పుడే. మాటల లెక్కన రుసుము కనుక ‘అందమైన’, ‘విశాలమైన’ ముందే ఎగిరిపోయేవి. ‘తూర్పు ముఖం’ జోలికి వెళ్తే మాత్రం ఊరుకునేవారు కాదు. ఆ తర్వాత గజాలు, నెల్లూరు స్థలమైతే 72 చదరపు అడుగుల అంకణాలు, మున్సిపల్ కుళాయి, చిట్టచివర ‘మధ్యవర్తులు వద్దు’. తెల్లారగానే వచ్చే మొదటి ఫోను మధ్యవర్తిదే! పేరు బయటపడకూడదనే వారికి పత్రిక బాక్సు నంబరు ఉండేది.

1998లో మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు. రోజులు తిరిగితే గాని రాని ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) నిమిషాల్లో చేతికొచ్చింది. అసలు మార్పు అదేనంటాను. మధ్యవర్తి మాటకన్నా ముందు కాగితం చూడటం కొనేవాడికి అలవాటైంది. 2005లో నైంటీనైన్ ఏకర్స్, మరుసటేడు మ్యాజిక్‌బ్రిక్స్ వెబ్‌సైట్లు వచ్చాక వంటిల్లూ పూజగదీ కూడా ముక్కూమొహం తెలియనివాళ్లు చూసేశారు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక వీడియోల వంతు. యూట్యూబ్‌లో మధ్యవర్తి గేటు దగ్గర్నుంచి మేడ మీది ట్యాంకు దాకా అన్నీ చూపిస్తాడు, వీధి పేరు తప్ప. అది చెప్పేస్తే కొనేవాడు నేరుగా ఇంటాయన దగ్గరికే పోతాడు మరి!

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం బిల్డరు తన ప్రకటనలో ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబరు, అథారిటీ వెబ్‌సైటు చిరునామా వేయాలి. పాత ఇల్లు అమ్ముకునే మామూలు గృహస్థుకు ఆ బెడద లేదు. పదడుగుల గదిని హాలంత చేసి ఫొటో తీసినా అడిగేవాళ్లు లేరు.

ఇప్పుడు ఫేస్‌బుక్, వాట్సాప్ ప్రకటనలు మా అబ్బాయి చూస్తున్నాడు. ఈమధ్య ఒక పెద్దాయన వచ్చి, ‘అమెరికాలో వాళ్లకు కూడా కనపడేలా పెట్టు బాబూ, మా వియ్యంకుడి గ్రూపులో మాత్రం పడనివ్వకు’ అన్నాడు. ప్రకటనలోంచి ఇంటి ముందుభాగం ఫొటో దగ్గరుండి తీసేయించాడు.