బోనముల మరునాటి యంబలి

బొంబాయి కామాటులను గూర్చి వ్రాసినవారు వారు కట్టిన గోడలను లెక్కించిరి. మోసిన మట్టిని లెక్కించిరి. తెల్లవారుజామున లేచి వారేమి త్రాగి పనికి పోయెడివారో వ్రాసినవారు అరుదు. నాగ్‌పాడా ప్రక్కనున్న మా గల్లీలలో పుట్టి పెరిగినవారికి మాత్రము ఆ సంగతి యొకరు చెప్పనక్కరలేదు. ఆషాఢమున పోచమ్మకు బోనమెత్తిన ఆదివారము గడచి సోమవారము తెల్లవారగానే మా చాళీలో ఇంటింట ఒక కుండ మూత తీయబడెడిది. ఆ పుల్లని వాసన మేడమెట్లు దిగి వీథిలోనికి వచ్చెడిది. అది యంబలి.

పెండ్లివిందులను, పండుగ పిండివంటలను వర్ణించుట ఇట్టి సంచికలలో వాడుక. విందు మరునాటి యుదయమును గూర్చి వ్రాయుట కొందరికి చిన్నతనముగా తోచవచ్చును. కాని విందు ఒక పూటది. మరునాటి పొద్దు పనివానికి తప్పనిది. కష్టజీవుల చరిత్ర ఆ పొద్దుననే యెక్కువగా తెలియునని మా యభిప్రాయము.

కామాటి యనగా పనివాడు. 1782 ప్రాంతమున గవర్నరు విలియం హార్న్‌బీ మహాలక్ష్మికిని వర్లికిని నడుమనున్న సముద్రపు గండిని పూడ్చుటకు కట్ట వేయించెను. పోటునీరు లోనికి రాకుండుటచే బురదనేలలు మెల్లమెల్లగా ఆరి నివాసయోగ్యములయ్యెను. నైజాము రాజ్యమునందలి తెలుగు జిల్లాలనుండి కూలికై వచ్చినవారు 18వ శతాబ్దము చివరినుండి ఆ నేలమీదనే గుడిసెలు వేసికొనిరి. వారి పేరే ఆ పేటకు నిలిచెను. నగరము వారిచేత కట్టించుకొన్నది. తరువాత ఆ పేటను మరియొక కారణమునకు పేరుపెట్టి పిలిచి మొగము త్రిప్పుకొన్నది. పేరు చెప్పినంతనే ఎదుటివాని కనుబొమలు ముడివడుట మనలో ననేకులకు అనుభవమే. ఆ మాట యిచట చాలును.

మెట్టభూములనుండి వచ్చిన ఆ పనివారికి వరియన్నము పండుగనాటి మాట. జొన్నలు, సజ్జలు, తైదలు వారి నిత్యాహారము. తైదలనే సర్కారు జిల్లాలవారు చోళ్లందురు, ఇతరులు రాగులందురు. ఎండలో తట్ట మోయువానికి అంబలి దాహమును తీర్చును, కడుపును నిలుపును, నమలవలసిన పనియు లేదు. బియ్యపు కడుగును, అన్నపు గంజిని పులియబెట్టిన కలి దానికి తోడు. కోస్తావారి తరవాణి దీనికి చుట్టమే. కుండలో నిన్నటిది కొంత మిగిల్చి దానిమీదనే నేటిది పోయుచుండుటచే ఆ పులుపు ఇంటిలో ఏండ్లకొలది తెగక వచ్చుచుండెడిది.

ఇది బీదవారి పానీయమని తేలికగా చూచువారు మన కావ్యములను మరచినారు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వేసవియందు వైష్ణవులకు పెట్టిన భోజనమును శ్రీకృష్ణదేవరాయలు వర్ణించుచు, లేత కొబ్బరినీటి సరసను, చెఱకుపాల సరసను పలుచని అంబలిని, నీరుచల్లను కూర్చుండబెట్టెను. చక్రవర్తి తలవంచుకొనని చోట మనము తలవంచుకొననేల? శ్రీనాథుని మాట వేరు. కన్నడరాజుల కొలువునకు పోయి చల్లయు నంబలియు త్రాగవలసి వచ్చినదని ఆయన మొరపెట్టుకొన్నట్లు ఒక చాటువు ప్రచారములో నున్నది. పరదేశమునకు పోయి అంబలి దొరకినందుకు ఆయన వగచెను. మా తాతలు పరదేశమున అదియైనను దొరకినందుకు సంతోషించిరి.

బోనము ఆదివారమే యేల, అంబలి సోమవారమే యేల యని మేము చిన్నతనమున ఆలోచింపలేదు. తెలంగాణమున అమ్మవారికి ఆదివారము ప్రీతియే. కాని బొంబాయిలో ఆదివారము పనివానిది కాకుండెను. కావస్జీ దావర్ 1854లో స్థాపించిన తాడ్‌దేవు మిల్లుతో నూలుమిల్లుల యుగము ఆరంభమైన పిమ్మట పొద్దుపొడుపు మొదలు పొద్దుగ్రుంకువరకు పని. విశ్రాంతిదినము నిశ్చయముగా లేదు. జోతీరావు ఫూలే సత్యశోధక సమాజమునకు చెందిన నారాయణ మేఘాజీ లోఖండే మిల్లుపనివారిని కూడగట్టి, ఆదివారము ఖండోబాదేవుని దినమని కూడ వాదించి, ఏండ్లతరబడి పోరాడెను. 1890 జూన్ 10న మిల్లుల యజమానులు ఆదివారపు సెలవునకు అంగీకరించిరి. ఆ సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచినవారిలో మన తెలుగు మేస్త్రీలును, గుత్తేదారులును ఉండిరి. ఆదివారము చేతికి వచ్చినది కాబట్టి బోనము నిబ్బరముగా సాగెను. సోమవారము భోంగా మ్రోగును కాబట్టి అంబలి అవసరమయ్యెను.

బోనమునకు కల్లు సాక తప్పనిది. అమ్మవారికి పోయు సాక కొంచెమే. ఆ పేరు చెప్పి మగవారు త్రాగునది కొంచెము కాదు. స్వస్థలమున ఈతకల్లు, తాటికల్లు. బొంబాయిలో భండారీలు గీసిన కల్లు. 1878 నాటి ఆబ్కారీ చట్టముతో కల్లుచెట్లపై పన్ను భారము పెరిగెను. ఉరణ్ బట్టీలలో ఇప్పపూవునుండి దించిన సారా నగరములోనికి విరివిగా వచ్చెను. ఇప్పసారా మనవారికి క్రొత్తది కాదు గదా! 1939 ఆగస్టు 1న నగరమున మద్యనిషేధము ప్రకటింపబడి నిలువలేకపోయెను. 1949 చట్టముతో అది మరల వచ్చి మరుసటి యేడు రాష్ట్రమంతట అమలయ్యెను. సారా మానలేదు, చీకటి సందులలోనికి పోయెను. ఆ దినములలోనే రైలుస్టేషనుల యొద్ద నీరా కేంద్రములు వెలసెను. పొద్దుపొడువకముందు దించి పులియకుండ కాపాడిన ఆ తియ్యని రసమును మా పెద్దలు మెచ్చుకొనెడివారు గాని, పులియని కల్లును పులియని కలియు పసిపిల్లలకేయని నవ్వెడివారు.

సోమవారము గేటు మూసిన తరువాత చేరినవాని మగ్గము ఆ దినమునకు బదిలీవానికి పోయెడిది. కూలి పోయెడిది, తరచుగా జరిగినచో పనియే పోయెడిది. అందుచేత ఆదివారపు రాత్రి డప్పు మ్రోగుచుండగనే ఇల్లాలి చూపు పొయ్యిమీద నుండెడిది. సారా పోసినవారెవరో, పోయించుకొన్నవారెవరో. కూలి నిలుపవలసిన బాధ్యత మాత్రము ఆమెది. ఆమెయు ఆనాడు తక్కువ అలసినదా? తెల్లవారినది మొదలు ఉపవాసము. బోనము తలకెత్తుకొని చెప్పులులేని కాళ్లతో నడక. గుడియొద్ద రద్దీలో గంటలకొలది నిలుకడ. చుక్క సారా ముట్టని ఆమెకును మరునాడు నాలుక పిడచకట్టెడిది. అంబలి త్రాగుబోతుల మందు అని యెవరైన అన్నచో మేము ఒప్పుకొనకపోవుటకు కారణమిదియే.

చేయు విధము చెప్పెదము. శనివారము రాత్రియే గిద్దెడు జొన్నపిండిని కలితో జారుగా కలిపి మూతవేయవలెను. ఇంట కలి లేనిచో పొరుగింటి తలుపు తట్టుటయే. “వదినె, తోడుకు ఇంత కలి పొయ్యరాదు?” అను మాట చాళీలో అప్పు క్రింద లెక్కకు రాదు. పిండి క్రొత్తగా విసరినదై యుండవలెను; పాతపిండి చేదు తెచ్చును. ఆదివారము సాయంకాలమునకు పైన చిన్న బుడగలు లేచి మజ్జిగవంటి పులివాసన వచ్చును. అది మంచి గుర్తు. రంగుల బూజు గాని కుళ్లువాసన గాని కనిపించెనేని నిర్దాక్షిణ్యముగా పారబోయవలెను. పండుగనాడు వృథా యేలయని దాచినవారు మరునాడు డాక్టరునకు చెల్లింతురు.

తరువాత రెండు సోలల నీటిని తెర్లనిచ్చి, ఆ పిండిని సన్నని ధారగా పోయుచు తెడ్డుతో విడువక కలుపవలెను. చేయి ఆగినచో ఉండలు కట్టును. పచ్చివాసన పోయి తెడ్డునకు పలుచని పూతగా అంటుకొనువరకు, ఇంచుమించు పావుగంట, సన్నని సెగమీద ఉడికింపవలెను. చల్లారిన పిమ్మట మట్టికుండలో పోసి పలుచని గుడ్డ వాసెన కట్టి గాలి తగులుచోట రాత్రియంత ఉంచవలెను. ఆషాఢపు వానలకు గది చల్లబడినచో పులుపు తక్కువగా వచ్చును. అట్టి రాత్రులు మా అవ్వ కుండను ఆరిన పొయ్యి ప్రక్కకు జరిపెడిది. తెల్లవారి మరి రెండు సోలల వరకు నీరును మజ్జిగయు చేర్చి చేతితో పిసికి, ఉప్పు, నలిపిన వాము, తరిగిన ఉల్లిగడ్డ, ఒకటి రెండు పచ్చిమిరపకాయలు వేయవలెను. చెంబు వంచగానే జారవలెను. చెంచాతో తినవలసి వచ్చినచో అది అంబలి కాదు, గట్క.

పది అడుగుల గదిలో ఇది చేయుట చెప్పినంత సులువు కాదు. విహారు చెరువు నీరు 1860లోను, తాన్సా నీరు 1892లోను నగరమునకు వచ్చినను, చాళీ నల్లా గంటల లెక్కనే పారెడిది. సోమవారపు అంబలికి కావలసిన నీటిని ఆదివారమే బిందెలలో నింపి, పండుగకు వచ్చిన చుట్టములు కాళ్లు కడుగుకొనకుండ కాపాడవలసి యుండెను. ఇక పాత్ర సంగతి. కళాయి పోయిన ఇత్తడిలో పులుపు నిలిచినచో చిలుము పుట్టి కడుపును పాడుచేయును. కావున పండుగకు వారము ముందు కళాయివాడు చాళీ ముంగిట తిత్తి పెట్టినప్పుడు మా తల్లులు వరుస కట్టెడివారు. ఇంటిలో గిన్నెలన్నియు మెరసినవనిన, అంబలికి ముహూర్తము దగ్గరపడినదని మాకు తెలిసెడిది.

ఆ యుదయమున మా పేటయంతయు ఏదో యొకటి త్రాగుచు కనబడెడిది. ఇరానీ హోటలులో చాయ్ మరిగెడిది. నాగ్‌పాడా, మదన్‌పురా ముసల్మాను సోదరులకు తెల్లవారుజామున నిహారీ. ఆ పేరులోనే ప్రాతఃకాలమున్నది. మా చాళీలో మాత్రము అరుగు పొడవున చెంబులు. ఘటమెత్తిన అమ్మకు మొదటి చెంబు, పిల్లలకు తరువాతిది. రాత్రి డప్పుతో ఊగిన మా చిన్నాయనలు తలలు పట్టుకొని తమ వంతునకు వేచియుండెడివారు. ఎదురింటి మరాఠీవారికి కూడ ఒక గిన్నెడు పోయెడిది. వారికి వివరింపనక్కరలేదు. వారి ఆంబీల్ మన అంబలియే. పేరును పిండియు పులుపును ఒక్కటే.

ఈ పానీయము పనిచేయుటకు కారణమును నేటి శాస్త్రము కొంత చెప్పుచున్నది. శరీరము నీటిని నిలుపుకొనవలెనని మూత్రపిండములకు ఆజ్ఞ తెచ్చు స్రావమును మద్యము అణచివేయును; త్రాగినదానికంటె ఎక్కువ నీరు వెడలిపోయి, ప్రొద్దున దాహమును తలనొప్పియు కలుగుటకు అది యొక కారణము. పేగులలో గ్లూకోజు తోడుగా పోయినప్పుడు ఉప్పును, దాని వెంట నీటిని శరీరము త్వరగా పీల్చుకొనును. 1971లో బంగ్లా శరణార్థుల బనగావ్ శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితోనే కలరారోగులలో ఎందరినో కాపాడెను. 1980ల దశకమున ఢాకాలో గ్లూకోజునకు బదులు బియ్యపుపిండితోను అట్టి ద్రవము చేసి పరీక్షించి మేలని కనుగొనిరి. పిండియు ఉప్పును నీరును: మా అవ్వకు ఈ పరీక్షలు తెలియవు, ఆమె కుండలో నున్నవి మాత్రము ఆ మూడే. అయినను ఉన్నదానికి మించి చెప్పరాదు. అంబలి కలరామందు కాదు; ఎక్కిన మద్యమును అది త్వరగా దింపదు; కల్తీసారా త్రాగి చూపు మసకబారినవానికి అంబలి పోయుచు కూర్చుండుట ప్రమాదము, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. రక్తపుపోటు గలవారు ఉప్పు తగ్గించుకొనవలెను.

మా తరముననే దీనికి చెడుదినములు వచ్చెను. అంబలి త్రాగి బడికి పోయిననాడు పులివాసనయని తోటిపిల్లలు ముక్కు మూసికొనగా, ఇంటికి వచ్చి మాకిది వద్దని తల్లులను ఏడిపించినవారము మేమే. ఆమె మరునాడు పావురొట్టెయు చాయయు పెట్టెను, మారుమాట యాడలేదు. 1982 జనవరి 18న ఆరంభమైన మిల్లుల సమ్మె పిమ్మట మిల్లులు ఒక్కొక్కటి మూతపడగా సోమవారపు భోంగాయు పోయెను. కుటుంబములు భివండికి, కల్యాణుకు, నవీ ముంబయికి చెదరెను. పాత చాళీలను పడగొట్టి పేటనంత క్రొత్తగా కట్టు ప్రణాళికలు ఇప్పుడు నడచుచున్నవి. క్రొత్త మేడలలో నల్లాకు గంటల లెక్క ఉండకపోవచ్చును. తోడు అడుగుటకు తట్టవలసిన తలుపు ఏదో ముందే చూచుకొనుట మంచిది. రాగిపిండి డబ్బాలు ఆరోగ్యము పేర అంగళ్లలో అమ్ముడగుచున్నవి. కొనవచ్చును, తప్పులేదు. డబ్బాలో పిండి యుండును, కలి యుండదు.

కల్యాణులో కాపురమున్న మా చెల్లెలు ఒక ఆషాఢమున బోనమునకు వచ్చి, తిరిగి పోవునపుడు మా యింటి కలిని సీసాలో పోయించుకొన్నది. గట్టిగా బిగించినచో పొంగి పగులునని మూత సడలించి, తడిగుడ్డ చుట్టి ఒడిలో పెట్టుకొన్నది. సోమవారపు లోకలు రైలులో ఆ వాసనకు ప్రక్కవారు కిటికీవైపు మొగము త్రిప్పిరి. ఎదుట కూర్చున్న మరాఠీ ముసలమ్మ యొకతె మాత్రము గుడ్డను వ్రేలితో తాకి చూచి, “ఆంబీల్ కా?” యని యడిగి, తన మూటను తీసి క్రింద పెట్టుకొని, సీసా నిలుచుటకు బల్లమీద చోటిచ్చెను.