అప్పన్న కొండ మీద కూలిన గోడ

సింహాచలం కొండ మీద సింహాద్రి అప్పన్న చందనపు పూత తొలగి నిజరూపంలో కనిపించేది ఏడాదికి ఒక్కరోజే, వైశాఖ శుద్ధ తదియనాడు జరిగే చందనోత్సవంలో. ఆ దర్శనం కోసం జనం రాత్రికి రాత్రే కొండెక్కి క్యూ కడతారు. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామునా అలాగే నిలబడి ఉన్నారు. ఈదురుగాలితో పెద్ద వాన. షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర, 300 రూపాయల టికెట్ క్యూ పక్కనున్న గోడ ఒక్కసారిగా వాళ్ల మీద విరుచుకుపడింది. ఏడుగురు పోయారు. వారిలో ఓ యువ దంపతులున్నారు.

ఆ గోడ పాతది కాదు. ఉత్సవం దగ్గరపడ్డాక హడావిడిగా లేపింది. దాని మీద ఇంకా ఒక్క వర్షాకాలమైనా గడవలేదు.

ఇలా వాలు నేలలో మట్టిని ఆపే గోడ ప్రహరీ లాంటిది కాదు. ప్రహరీకి తన బరువు తాను మోసుకుంటే చాలు. దీని వీపు మీద మాత్రం కొండ ఒరిగి ఉంటుంది. ఎత్తు రెట్టింపైతే మట్టి తోపు నాలుగు రెట్లవుతుంది, గోడను బోర్లా పడదోసే బలం ఎనిమిది రెట్లవుతుంది. అందుకే అడుగున వెడల్పుగా రాతి కట్టుబడి కడతారు. లేదా కాంక్రీటు గోడకు లోపలివైపు పాదం చాపి, ఆ మట్టి బరువుతోనే గోడను తొక్కిపట్టిస్తారు. ఇనుప జాలీలో రాళ్లు పేర్చితే నీరు వాటి సందుల్లోంచే పోతుంది. ఇటుక గోడకు ఆ పని అప్పగించకూడదు.

అసలు శత్రువు మట్టి కాదు, నీరు. ఘనమీటరు నీటి బరువు వెయ్యి కిలోలు. వాన నీరు గోడ వెనక చేరి దారి లేక నిలిచిపోతే, మట్టి తోపుకు ఆ నీటి తోపూ తోడవుతుంది. దీనికి విరుగుడు మరీ చవక. గోడలో అక్కడక్కడా మూడు నాలుగు అంగుళాల పైపు ముక్కలు, బయటికి కాస్త వాలుగా పెట్టాలి. లోపలి మూతి దగ్గర బురద పట్టకుండా కంకర పోయాలి. వాటినే వీప్ హోల్స్ అంటారు. వాన కురిసిన గంటలో వాటి నోళ్ల నుంచి ఎర్రనీళ్లు కారుతుంటే గోడ ఊపిరి పీలుస్తున్నట్టే.

కొండ నీటికి దారి చూపడం సింహాచలానికి కొత్త విద్య కాదు. అక్కడ రాళ్ల మధ్య ఊరే గంగధారను పట్టి తెచ్చి, చందనోత్సవం రాత్రే స్వామికి సహస్ర ఘటాభిషేకం చేస్తారు. తూర్పు గాంగుల కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన రాతి గుడి అదే వాలు మీద ఎన్ని వానలనో తట్టుకుని నిలిచింది. ఆ చేతుల పనితనం కళ్లెదుటే ఉండగా ఈ గోడ ఇలా లేచిందంటే కడుపు తరుక్కుపోతుంది.

ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేసింది. ఏడుగురు అధికారులను సస్పెండ్ చేసింది. మృతుల కుటుంబాలకు 25 లక్షల రూపాయల చొప్పున పరిహారం ప్రకటించింది.

పోయినవాళ్లు ఆ చోటును ఏరికోరి ఎంచుకోలేదు. టికెట్ కొన్నారు, బారికేడ్లు ఎటు తిప్పితే అటు నడిచారు. పక్కనున్న గోడకు పునాది ఎంతుందో, వెనక ఎంత నీరు చేరిందో వాళ్లకెలా తెలుస్తుంది? తడుస్తూనే నిలబడ్డారు. వరుస వదిలి వెళ్తే స్వామి నిజరూపం కోసం మళ్లీ ఏడాది ఆగాలి మరి.