కార్మెన్ తర్వాత

1955 మార్చి 30 రాత్రి ఉత్తమ నటి ఆస్కార్ గ్రేస్ కెల్లీకి వెళ్ళింది. పోటీలో నిలిచిన ఐదుగురిలో డరొతీ డాండ్రిడ్జ్ ఒకరు. ఆ వరుసలో ఒక నల్లజాతి నటి పేరు వినపడటం అదే మొదటిసారి. బహుమతి చేజారినా విచారించాల్సిన కారణం ఆ రాత్రి ఏదీ కనపడలేదు. వయసు ముప్ఫై రెండు. కొన్ని నెలల కిందటే ‘లైఫ్’ పత్రిక ఆమె బొమ్మను ముఖచిత్రంగా వేసింది. ఇవాళ కాకపోతే రేపు. ఆ రేపు రావడానికి నలభై ఏడేళ్ళు పట్టింది. 2002లో అదే బహుమతి అందుకున్న హాలీ బెర్రీ ఏడుస్తూ తలచుకున్న పేర్లలో మొదటిది డరొతీదే. అప్పటికి ఆమె పోయి ముప్ఫై ఆరేళ్ళు దాటింది.

పుట్టింది 1922లో, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో. తల్లి రూబీ కూడా నటే. కూతుళ్ళిద్దరికీ ‘వండర్ చిల్డ్రన్’ అని పేరు పెట్టి, చర్చిల వెంట తిప్పి ఆడించింది, పాడించింది. ఆటలాడుకునే వయసులోనే ఆట బతుకుతెరువైంది. కాస్త పెద్దయ్యాక న్యూయార్క్ కాటన్ క్లబ్బు. అక్కడ వేదిక మీద నల్లవాళ్ళు, బల్లల దగ్గర తెల్లవాళ్ళు. ఆ రోజుల్లో పేరు మోగిపోతున్న నికొలస్ సోదరుల్లో చిన్నవాడు హెరాల్డ్‌ను 1942లో పెళ్ళాడింది. మరుసటి ఏడు కూతురు పుట్టింది. బిడ్డ మెదడు దెబ్బతిని ఉంది. తల్లి ఎవరో ఆ పిల్లకు ఎన్నటికీ తెలియలేదు. కాన్పు వేళ తాను ఆలస్యం చేయడంవల్లే ఇలా అయిందని డరొతీ తనను తానే తిట్టుకునేది. పెళ్ళి నిలవలేదు. బిడ్డ పోషణకు డబ్బు కావాలి, అందుకని నైట్‌క్లబ్బుల్లో పాడింది.

ఆ పాటే ఆమెను పైకి తెచ్చింది. అందుకే, ఆస్కార్ పోటీలో ఆమెను నిలిపిన ‘కార్మెన్ జోన్స్’ సినిమా సంగతి నాకు ఎప్పుడూ మింగుడుపడదు. దర్శకుడు ఆటో ప్రెమింజర్ మొదట ఆమెను చూసి, ఇంత నాజూకు మనిషి కార్మెన్‌కు పనికిరాదన్నాడట. వేషం మార్చి, జుట్టు చెదరగొట్టి, నడక మార్చి మళ్ళీ వెళ్ళి ఆ పాత్రను గెలుచుకుంది. తీరా తెర మీద పాడిన గొంతు ఆమెది కాదు. ‘కార్మెన్’ ఒపెరాకు బిజే కట్టిన స్వరాలకు ఒపెరా గొంతే కావాలని ఇరవై ఏళ్ళ మెరిలిన్ హార్న్ అనే తెల్లమ్మాయి చేత పాడించారు. పాటతో పొట్టపోసుకున్న గాయని తన జీవితంలోని అతిపెద్ద వేషంలో పెదవులు మాత్రమే కదిపింది. ఐదేళ్ళ తర్వాత ‘పోర్గీ అండ్ బెస్’లోనూ ఇదే కథ, అక్కడి గొంతు అడెల్ ఆడిసన్‌ది.

ఆస్కార్ పోటీ తర్వాత ఫాక్స్ సంస్థ ఒప్పందం రాసుకుంది గానీ ఆమెకు ఏ వేషం ఇవ్వాలో దానికే తోచలేదు. ‘ది కింగ్ అండ్ ఐ’లో టప్టిమ్ పాత్ర వస్తే ఆమె కాదంది. కథానాయికగా నిలబడ్డాక చిన్న పాత్ర, అందులోనూ బానిస పిల్ల వేషం, వద్దని ప్రెమింజర్ సలహా. అప్పటికి వాళ్ళిద్దరి మధ్య ప్రేమ నడుస్తోంది. ఆ పాత్ర రీటా మొరెనోకు వెళ్ళింది. డరొతీ పతనం అక్కడే మొదలైందని చాలామంది రాశారు. నాకు అలా అనిపించదు. ఒప్పుకుని ఉంటే మాత్రం ఆ తర్వాత వచ్చేది మరో బానిస పిల్ల వేషమేగా!

అసలు చిక్కు వేరే ఉంది. కథానాయిక అన్నాక నాయకుడు కావాలి, ప్రేమ కావాలి. నల్లవారికీ తెల్లవారికీ మధ్య ప్రేమను చూపకూడదని హాలీవుడ్ తనకు తానే రాసుకున్న కోడ్ శాసించింది. 1956లో ఆ నిషేధం ఎత్తేశారు, భయం మాత్రం పోలేదు. ‘ఐలాండ్ ఇన్ ది సన్’ (1957)లో తెల్లవాడైన జాన్ జస్టిన్ ఆమె ప్రియుడు. ఇద్దరూ కౌగిలించుకున్నారు, ముద్దు మాత్రం లేదు. ‘కార్మెన్ జోన్స్’లో ఆ ఇబ్బంది రాలేదు, తారాగణమంతా నల్లవాళ్ళే కాబట్టి. అలాంటి సినిమాలు ఏడాదికి ఎన్ని తీస్తారు? అందాన్ని మెచ్చుకున్న పరిశ్రమ దగ్గర ఆ అందానికి జోడీ లేడు.

అదే 1957లో ఆమె కోర్టు మెట్లెక్కింది. తాహో సరస్సు దగ్గర అడవిలో ఒక తెల్ల బ్యాండ్ నాయకుడితో ఆమె గడిపిందని ‘కాన్ఫిడెన్షియల్’ అనే కంపు పత్రిక రాసింది. లాస్ ఏంజెలెస్‌లో ఆ పత్రిక మీద విచారణ జరిగినప్పుడు డరొతీ సాక్ష్యం చెప్పింది. తాహో దగ్గర నల్లవారి మీద ఉన్న ఆంక్షలవల్ల తెల్లవాడితో కలిసి బయట షికారుకు వెళ్ళడం కుదిరే పనే కాదని వివరించింది. ఆమె పరువుకు ఆమె అనుభవించిన వెలివేతే సాక్ష్యమైంది. న్యాయమూర్తి ముందు నిలబడి తన అవమానాన్ని తానే రుజువు చేసుకోవడం కంటే చేదు సన్నివేశం ఆమె నటించిన ఏ సినిమాలోనూ లేదు.

తర్వాతంతా జారుడే. 1958లో ‘పోర్గీ అండ్ బెస్’ సెట్లో దర్శకుడిగా మళ్ళీ ప్రెమింజరే ఎదురయ్యాడు. ప్రేమ ఏనాడో ముగిసింది, అరుపులు మిగిలాయి. 1959లో హోటల్ యజమాని జాక్ డెనిసన్‌తో పెళ్ళి, 1962లో విడాకులు. నూనెబావుల్లో పెట్టిన పెట్టుబడి మునిగింది. 1963లో దివాలా, ఇల్లు పోయింది. అన్నాళ్ళూ మనుషుల్ని పెట్టి డబ్బిచ్చి చూపించుకున్న కూతుర్ని కమారియోలోని ప్రభుత్వ ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది.

1965లో మళ్ళీ పాటకే తిరిగింది. న్యూయార్క్‌లో కచేరీ కుదిరింది, ప్రయాణానికి సిద్ధమవుతోంది. సెప్టెంబర్ 8న వెస్ట్ హాలీవుడ్ అపార్ట్‌మెంట్లో ఆమె చనిపోయి ఉండగా మేనేజర్ ఎర్ల్ మిల్స్ చూశాడు. నలభై రెండేళ్ళు. విరిగిన కాలి ఎముక నుంచి కొవ్వు రక్తంలో చేరి అడ్డుపడిందని ఒక నివేదిక, మానసిక కుంగుబాటుకు వాడే మందు మోతాదు మించిందని ఇంకొకటి. వెంటనే దహనం చేయమనీ, తన దగ్గర డబ్బో సామానో ఏదైనా మిగిలి ఉంటే అమ్మకు ఇవ్వమనీ చీటీ ముందే రాసిచ్చింది. బ్యాంకు ఖాతాలో ఉన్నది 2 డాలర్ల 14 సెంట్లు.