త్రీనాట్‌త్రీ దీర్ఘాయువు

2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో ఉత్తరప్రదేశ్ పోలీసులు ఒక రైఫిల్‌ను సాగనంపారు. అది వాళ్ల చేతికొచ్చింది 1945లో. దాని అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. ఠాణా ముందు సెంట్రీ భుజాన చూసిన మనవాళ్లకు మాత్రం అది త్రీనాట్‌త్రీ.

బోల్టు, పది తూటాలు పట్టే మ్యాగజైన్ జేమ్స్ పారిస్ లీ అనే స్కాట్లాండ్ మనిషి ఆలోచన. లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ కర్మాగారం పేరు దానికి తోడైంది. 1895లో బ్రిటిష్ సైన్యంలో చేరింది, 1907లో పేరుమోసిన పొట్టి నమూనా వచ్చింది. బెంగాల్‌లోని ఇషాపూర్‌లోనూ దాన్ని తయారుచేశారు.

ఆ రైఫిల్ మన చరిత్రలో మానని గాయం కూడా. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో బ్రిటిష్ సైనికాధికారి డయ్యర్ ఆజ్ఞపై 50 మంది సిపాయిలు జనంపై 1,650 రౌండ్లు పేల్చింది వీటితోనే. దాని గొప్పలు చెప్పేవాళ్లు ఈ లెక్కను దాటేసి పోకూడదు.

ఇంతకాలం ఎలా బతికింది? భాగాల మధ్య కాస్త వదులుంటుంది కాబట్టి బురద, ఇసుక చేరినా బోల్టు అంత త్వరగా మొరాయించదు. బోల్టు కొద్దిగా తిప్పితే చాలు, తెరుచుకుంటుంది. తర్ఫీదు పొందిన సిపాయి నిమిషానికి 15 గుళ్లు గురిచూసి కాల్చేవాడు. అసలు కిటుకు మరమ్మతులో ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో విరివిగా వాడిన నాలుగో నంబరు నమూనాలో బోల్టు తల విడిగా ఊడొస్తుంది. అరిగి బోల్టుకూ తూటాకూ మధ్య సందు పెరిగితే, కాస్త పొడవైన తల బిగిస్తే సరి. అందుకోసం సున్నా నుంచి మూడు వరకు నంబర్లు వేసి తలలు సిద్ధంగా ఉంచేవారు. గొట్టం మారుతుంది, కర్ర మారుతుంది. తుపాకీ మాత్రం కొలువులోనే ఉంటుంది. ఇషాపూర్ పనివాళ్లు ముందుభాగం కర్ర చీలిపోకుండా అడ్డంగా ఒక మర బిగించేవారు. 1960ల్లో ఆ 1907 నాటి పొట్టి నమూనానే 7.62 మి.మీ. తూటాకు సరిపడేలా మార్చి కొత్త రైఫిళ్లే చేశారు.

1962లో చైనాతో పోరాడిన మన జవాన్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి త్రీనాట్‌త్రీలే. తర్వాత సైన్యానికి తనంతట తానే తూటా నింపుకునే ఎస్ఎల్ఆర్ రైఫిల్ వచ్చింది. పాతవి పోలీసుల దగ్గర మిగిలాయి. ఇక కాల్చడానికి పనికిరానివి ఎన్‌సీసీ పిల్లల డ్రిల్లుకు చేరాయి.

2008 నవంబరు 26 రాత్రి ముంబై సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకే-47లు పట్టిన ఇద్దరు ఉగ్రవాదులకు ఎదురుపడిన పోలీసుల్లో కొందరి చేతిలో ఉన్నది ఈ రైఫిలే. ఒక రైల్వే హెడ్ కానిస్టేబుల్ తోటివాడి చేతిలోంచి త్రీనాట్‌త్రీ అందుకుని వాళ్లపై కాల్చాడు. అతని తెగువకు చేతులెత్తి మొక్కాలి. అయితే అక్కడ ఆ తుపాకీ ఉండటం దాని గొప్పతనం కాదు. కానిస్టేబుల్ ప్రాణానికి మనం కట్టిన విలువ.

కెనడా సంగతి వేరు. అక్కడి ఉత్తరపు మంచు సీమల్లో గస్తీ తిరిగే రేంజర్లు దాన్ని కోరి అట్టేపెట్టుకున్నారు. గడ్డకట్టే చలిలోనూ పేలుతుంది, ధ్రువపు ఎలుగు మీదికొస్తే ఆదుకుంటుంది. 1947 నుంచి ఏడు దశాబ్దాలు వాడి, విడిభాగాలు దొరకడం కష్టమయ్యాకే సీ-19కి మారారు. అది ఫిన్లాండ్‌కు చెందిన టిక్కా రైఫిల్ ఆధారంగా చేసినది; దానికీ ప్రతి గుండుకూ చేత్తో బోల్టు లాగాల్సిందే.